మా ఇంటి మీద ఎర్ర చుక్క

కొండాపూర్,
14 మార్చి 1999.

అక్కకు,

నమస్కారం. పొద్దున ఉప్మా, రాత్రి చారన్నం. అడుగుతావని ముందే రాస్తున్నాను.

నీ కొడుకు దినేశ్ వచ్చాడు. వాడి కంపెనీలో నాకు పని ఇప్పిస్తానన్నాడు. హైటెక్ సిటీకి ఎదురుగా ఒక మేడ మీద వాళ్ల ఆఫీసు. ఇంటర్నెట్లో మన వైపు పటం ఒకటి పెడుతున్నారు, నిజాంపేట నుంచి రాయదుర్గం దాకా. ఏ వీధిలో దొంగతనం జరిగింది, ఏ వీధిలో హత్య జరిగింది, అన్నీ కంప్యూటర్ తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. ఇల్లు కొనేవాళ్లు, కిరాయికి దిగేవాళ్లు చూసుకోవడానికట. వివరాలు పాత పేపర్ల నుంచి ఏరారు. ఆ వార్తల్లోని చోట్లు అక్కడి పిల్లలకు తెలియవు. పాత కల్లు కాంపౌండు ఏది, చింతల తోపు ఏది అని చెప్పడానికి ఇక్కడ పుట్టినవాడు ఒకడు కావాలి. కాలేజీలో భూగోళం చెప్పి మానేసిన మామ గుర్తొచ్చాడు వాడికి. ఒప్పుకున్నాను. ఇంట్లో మధ్యాహ్నాలు గడవడం లేదు.

ఇంకో సంగతి. లక్ష్మి వాళ్ల అన్న గోవిందప్ప కొడుకు గిరీష్ బెంగళూరు నుంచి ఇక్కడికి ఉద్యోగం మార్చుకున్నాడు. నిజాంపేటలో గది తీసుకున్నాడు. పోయిన ఆదివారం వచ్చి భోంచేశాడు. చెయ్యి కడుక్కుంటూ, "మామా, అత్త గొలుసు ఒకసారి చూపించు. నాయన అట్లాంటిదే నాకు కాబోయే పిల్లకు చేయించల్లంటున్నాడు" అన్నాడు. బ్యాంకు లాకరులో ఉందన్నాను.

నీ దగ్గర దాచిన సగం గొలుసు నీ దగ్గరే ఉండనీ. గోవిందప్పకు మనం చెప్పింది చెప్పినట్టే ఉండాలి. స్కూటర్ జారింది, వెనక కూర్చున్న లక్ష్మి పడింది. అంతే. మా పెళ్లి ఇష్టం లేక ఇరవై ఏళ్లు చెల్లెలితో మాట్లాడని మనిషి, ధర్మవరంలో తన గృహప్రవేశానికి పిలిచి తన చేతులతో మెడలో వేసిన గొలుసు అది. "పుట్టింటి గొలుసమ్మా, ఎప్పుడూ తియ్యొద్దు" అన్నాడు. ఆ రోజు ఆయన ఏడవడం నేను చూశాను. మోటార్ సైకిల్ మీది వాడు లాగినప్పుడు లక్ష్మి వదల్లేదు. వదిలేసి ఉంటే బతికేది. ఆ ఒక్క సంగతి ఆయనకు తెలియకూడదు.

బావకు నమస్కారాలు.

తమ్ముడు,
రామచంద్రం.

సిద్దిపేట,
23 మార్చి.

తమ్మీ,

అక్క దీవించి రాసేది. నీ జాబు అందింది. గింత చిన్నగ రాసేదానికి కవరు ఎందుకు, కార్డు చాలదా అంటుండు మీ బావ. ఆయన మోకాళ్లు పని చేస్తలేవు గని నోరు మంచిగనే పని చేస్తున్నది.

దొంగల పటమేంది తమ్మీ? జనం కంటె ముందుగాల దొంగలే చూసుకుంటరు గద, ఈ గల్లీల మనోళ్లు ఇంక తిరగలే, పాండ్రి పోదాం అని. ఈ మాట అంటే మీ బావ ఒక్కటే నవ్వుడు. సరే, పని దొరికింది, పో. ఇంట్ల గోడలు చూసుకుంట కూసునేకంటె నయం.

సగం గొలుసు పసుపు గుడ్డల కట్టి బియ్యం డబ్బల పెట్టిన. బియ్యం తీసినప్పుడల్ల చేతికి తగుల్తది. తగిలిన పూట నాకు బువ్వ దిగదు. దవాఖానల నర్సమ్మ ఆమె పిడికిలి ఇప్పి ఇచ్చింది గద, అదే కండ్ల ముంగట ఆడుతది. నువ్వేమో ఎవ్వరికి చెప్పొద్దంటవు. లాకర్ల ఉన్నదని చెప్పినవా? రేపు ఆ పిల్లగాడు, పా మామా బ్యాంకుకు పోదాం అంటే ఏం జేస్తవు? అబద్దం చెప్పుడు నీకు చిన్నప్పటిసంది చాతకాదు. జామకాయలు దొంగతనం జేసి, గింజలు జేబుల పెట్టుకొని దొరికిపోయినోనివి.

ఎండకు పోతే తలకు తువ్వాల కట్టుకో. చారు ఒక్కటే గాదు, కూర గూడ వండుకో.

నీ అక్క,
సక్కుబాయి.

కొండాపూర్,
18 ఏప్రిల్.

అక్కకు,

నమస్కారం. కూర వండుతున్నాను. బీరకాయ.

పని ఇలా ఉంటుంది. దినేశ్ పేపరు ముక్క చదువుతాడు. నేను తెర మీద వేలు పెడతాను. వాడు అక్కడ చుక్క పెడతాడు. దొంగతనానికి పసుపు, కొట్లాటకు నీలం, ప్రాణం పోతే ఎరుపు. గురువారం వాడు ఒక ముక్క చదవకుండా పక్కన పెట్టాడు. అడిగి తీసుకున్నాను. "కొండాపూర్ వాసి లక్ష్మీదేవి (46) మెడలో గొలుసు అపహరణ." కింద మా ఇంటి చిరునామా. అంతకుమించి అందులో ఏమీ లేదు. వార్త రాసిన మర్నాడు ఆమె పోయింది. ఆ సంగతి ఏ పేపరూ రాయలేదు. అందుకని పసుపు చుక్క పడాలి.

ఎరుపు పెట్టు అన్నాను.

"వద్దు మామా, ఇది దొంగతనం కింద ఉంది. ఇట్లనే ఉండనీ" అన్నాడు దినేశ్.

పెట్టు అన్నాను. మార్చాడు. చోటు అడిగితే రాయదుర్గం బండల దగ్గర అని చెప్పాను. రాసుకున్నాడు.

ఆ బండలు నీకు తెలుసు. ఒకదాని మీద ఒకటి ముగ్గురు మనుషులు భుజాలెక్కినట్టు ఉండేవి. ఇప్పుడు లేవు. రోడ్డు కోసం పేల్చేశారు. పక్కవి ఇంకా పేలుస్తున్నారు. మధ్యాహ్నం ఈల వేస్తారు, ఎర్ర జెండా చూపిస్తారు, తర్వాత మా వంటింట్లో గిన్నెలు కదులుతాయి. లక్ష్మికి అక్కడ ఆగడం ఇష్టం. ధర్మవరం దారిలోనూ ఇలాంటి బండలే ఉంటాయనేది. ఆ సాయంత్రం కూడా ఆగాం. తిరిగి స్కూటర్ ఎక్కి కొంగు సర్దుకుంటూ ఉంది.

ఏదో ఒకచోట ఆమె ఇలా పోయిందని ఉండాలి అక్కా. పసుపు రంగులో కాదు.

తమ్ముడు,
రామచంద్రం.

సిద్దిపేట,
29 ఏప్రిల్.

తమ్మీ,

నీ జాబు రెండుమాట్ల సదివిన. ఏడ్చిన. నవ్విన గూడ. ఆఖరికి దొరికిండన్నమాట దొంగ ముండాకొడుకు!

దినేశ్‌కు ఫోన్ జేద్దామంటే కలుస్తలేదు. ఎర్ర చుక్క పెట్టిండ్రంటే పోలీసోళ్లు వాని జాడ తీసినట్టే గద? కంప్యూటర్ల పడినంక తప్పించుకుంటడా? పక్కింటి సత్తెమ్మ గోడ మీదికెల్లి అడిగితే, దొరికిండు, మా తమ్ముడే పటం గీసి పట్టించిండు అని చెప్పిన. గల్లీ మొత్తానికి తెల్సిపోయింది. కొమురవెల్లి మల్లన్నకు మొక్కిన, వానకాలం పోయి తీర్సుకుంట.

ఇగ గోవిందప్పకు చెప్పొచ్చు గద తమ్మీ? దొంగ జైల్ల ఉన్నడంటే ఆయనకు గూడ జర ఊరట ఉంటది. నువ్వు చెప్పకుంటె నేను చెప్త. ఎంత కాలమని ఆ బరువు నువ్వొక్కనివే మోస్తవు? ఆయన మనసుల నువ్వు బండి చక్కగ నడపరాక పెండ్లాన్ని సంపుకున్నోనివి. నాకు తెల్సు, పదకొండో దినం నాడు ఆయన నీ దిక్కు చూసిన చూపు.

మామిడికాయ తొక్కు పెట్టిన. దినేశ్ వస్తే పంపుత.

నీ అక్క,
సక్కుబాయి.

కొండాపూర్,
9 జూన్.

అక్కకు,

దొంగ దొరకలేదు. వెతుకుతున్నవాళ్లు కూడా ఎవరూ లేరు. పటం ఎవరినీ పట్టించదు. అయిపోయినవాటిని చూపిస్తుంది, అంతే. ముందే వివరంగా రాయాల్సింది. సత్తెమ్మకు చెప్పిన మాట వెనక్కి తీసుకో.

పటం పోయిన నెలాఖరున ఇంటర్నెట్లో పెట్టారు. ఆఫీసుల్లో పిల్లలు చూస్తున్నారు. గిరీష్ కూడా చూశాడు. వాడు ఇల్లు వెతుకుతున్నాడు, తల్లిదండ్రులను తెచ్చి పెట్టుకోవాలని. మా వీధి బాగుంటుందని నేనే అన్నాను.

శనివారం వచ్చాడు. చేతిలో మడిచిన కాగితం. కూర్చోలేదు. గోడలు చూశాడు, పడకగది తలుపు చూశాడు. మంచినీళ్లు ఇస్తే తాగకుండా గ్లాసు కిటికీలో పెట్టాడు.

"మామా, ఈ వీధిలో పోయిన ఏడు ఎవరైనా సచ్చిపోయినారా?" అన్నాడు.

లేదే అన్నాను.

"ఈ ఇంట్లో?"

అప్పుడు కాగితం విప్పాడు. మా కాలనీ. మా వీధి. మా ఇంటి మీద చుక్క. పక్కన పెన్నుతో రాసుకున్నాడు, తెర మీద ఉన్నది ఉన్నట్టు: హత్య, స్త్రీ, 46, ఆగస్టు 1998.

 వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

దినేశ్‌ను అడిగాను. బండలు పోయాయి కాబట్టి కంప్యూటరులో ఉన్న ఊళ్ల పట్టికలో ఆ పేరు లేదట. చోటు దొరకని వాటిని పేపర్లో ఉన్న ఇంటి చిరునామా మీద పెట్టేలా ముందే ఏర్పాటు చేశారట. మా ఇంటి నంబరుతో సహా పేపరు రాసింది కదా. రంగు పసుపే ఉండి ఉంటే ఇంట్లో దొంగతనం అనుకునేవాడు, అంతటితో పోయేది. ఎరుపు నేను పెట్టించాను. ఇప్పుడు మార్చమంటే, యజమాని ఎవరికో అమ్మే మాటల్లో ఉన్నాడు, అది తేలేదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నాడట.

ఏమైనా సరే, నువ్వు ఎవరికీ ఏమీ చెప్పవద్దు.

రామచంద్రం.

సిద్దిపేట,
17 జూన్.

తమ్మీ,

నీ జాబు సదివిన. ఆ పోరగాడు ఏమనుకున్నడో నీకు సమజైందా? అత్తను మామనే సంపిండు, బండి మీదికెల్లి పడ్డదని కథ చెప్పిండు అనుకున్నడు. గొలుసు గూడ చూపియ్యకపోతివి. అమ్ముకున్నడు అనుకుంటడు. నేనైనా గట్లనే అనుకుంట.

ఇగ చాలు. గోవిందప్పకు ఫోన్ జేసి చెప్పు. బావా, గిట్ల దొంగలు గుంజిండ్రు, నీ చెల్లె పట్టిన పట్టు విడవలే అని. గొలుసు ఆయనిచ్చిందైతే ఏమాయె? ఆయన ప్రేమతోని ఇచ్చిండు. దొంగతనం జేసినోడు వేరే ఉన్నడు. గింత చిన్న సంగతి సదువుకున్నోనివి నీకు తెల్వదా? ఏడుస్తడు, నాల్గు రోజులు తినడు, తర్వాత లేస్తడు. మనుషులు లేవరా?

దొంగ దొరకలేదని సత్తెమ్మకు చెప్పిన. "మరి పట్టించిండంటివి" అన్నది. మొకం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

నిన్ను తిడ్తలేను తమ్మీ. పరేషాన్ల రాస్తున్న.

సక్కుబాయి.

కొండాపూర్,
11 జూలై.

అక్కకు,

గోవిందప్ప వచ్చాడు. గిరీష్ గదిలో దిగి, నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చాడు. ఒక్కడే. జరిగింది రాస్తాను. తర్వాత దీని గురించి మళ్లీ అడగవద్దు.

ఎప్పుడూ వచ్చినట్టే వచ్చాడు. లక్ష్మి ఫోటో ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత అడిగాడు.

"స్కూటర్ జారితే ఎర్ర చుక్క ఎందుకు పెడతారు బావా?"

యంత్రం పొరపాటు అన్నాను.

"ఇంటిమీద పెట్టింది యంత్రం పొరపాటు అనుకుందాం. ఎరుపు కూడానా? ఆ పటం చేసే చోట నువ్వే పనిచేస్తున్నావంట కదా. నీకు తెలీకుండా పెట్టినారా?"

లేదు, నాకు తెలిసే పెట్టారు అన్నాను.

"అయితే నా చెల్లెలు ఎట్ల పోయింది? చెప్పల్ల నువ్వు. ఇరవై ఏండ్లు నేను మాట్లాడలేదు, నిజమే. అందుకని నాకు అడిగే హక్కు లేదంటావా?"

చెప్పాలనే అనుకున్నాను అక్కా. నోరు తెరిచాను. ఆయన మెడలో గొలుసు ఉంది. గృహప్రవేశం రోజున చెల్లెలికి ఇచ్చి, అదే బంగారంతో తనకూ మగవాళ్లది ఒకటి చేయించుకున్నాడు. జంట గొలుసులు. దాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ మాట్లాడుతున్నాడు. అది చూస్తూ చెప్పలేకపోయాను.

నా వల్లే పోయింది బావా, అన్నాను.

అబద్ధం కాదు. అక్కడ స్కూటర్ ఆపింది నేను.

 కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. "పోలీస్ స్టేషనుకు పోయి అడగొచ్చు నేను. కాగితాలు ఉంటాయి కదా" అన్నాడు. మీ ఇష్టం అన్నాను. అక్కడికి పోతే తెలిసిపోతుంది. కానీ పోడనుకుంటున్నాను. చెల్లెల్ని మొగుడే చంపాడని స్టేషనులో నోటితో అనడం ఆయనకు చావు. గడప దాటుతూ, "ఇంగ మీ ఇల్లు తొక్కను" అన్నాడు.

అయిపోయింది. ఆయన కోపం నా మీద ఉంది, అక్కడే ఉండనీ. కోపం పెట్టుకుని మనిషి బతకగలడు. తను ఇచ్చిన గొలుసు వదలకే పోయిందని తెలిస్తే బతకలేడు. నువ్వు నోరు విప్పవద్దు. ఇది నీ తమ్ముడు నిన్ను అడిగే ఒకే ఒక్క కోరిక.

రామచంద్రం.

సిద్దిపేట,
14 జూలై.

తమ్మీ,

నీ దగ్గరికెల్లి జాబు లేక నెల కావస్తున్నది. ఇగ నేను ఆగలే.

సోమారం దినేశ్ సత్తెమ్మోళ్ల ఇంటికి ఫోన్ జేసిండు. అమ్మా, గిరీష్ ఆఫీసుల అందరి ముంగట మా మామ మా అత్తను సంపిండు అన్నడట, వాళ్ల నాయన గూడ వచ్చిండట అని. నా తమ్మున్ని హంతకుడంటరా? నేను ఊకుంటనా? నిన్న పొద్దుగాల్నే బస్సెక్కిన. నీ ఇంటికి రాలే. వస్తే ఆపుతవని తెల్సు. దినేశ్‌ను తోలుకొని సీదా నిజాంపేట పోయిన.

గోవిందప్ప ఒక్కడే ఉన్నడు. నన్ను చూసి లేచి నిలవడ్డడు. మర్యాద తప్పలే. కుర్చీ ఏసిండు. నేను కూసోకుంటనే కొంగు ముడి ఇప్పి పసుపు గుడ్డ ఆయన ముంగట పెట్టిన. "ఇది నీ చెల్లె పిడికిట్ల దొరికిన సగం. తక్కిన సగం దొంగలు కొంచవోయిండ్రు. నీకు బాధైతదని నా తమ్ముడు ఇన్ని దినాలు దాసిండు" అన్న. మొత్తం చెప్పిన. బండలు, మోటార్ సైకిల్, దవాఖాన, అన్నీ.

ఆయన గొలుసు ముట్టుకోలే. ఒక్కటే మాట అడిగిండు.

"అమ్మా, లాగినప్పుడు ఆ పిల్ల ఇడిసిపెట్టలేదా?"

నేను అబద్దం చెప్పలే తమ్మీ. పెద్దగ చెప్పిన గూడ, ఆమె మంచితనం తెల్వాల్నని. "ఇడువలే. మా అన్న ఇచ్చిండు అని గట్టిగ పట్టుకున్నది. పానం పోయినా ఇడువలే" అన్న.

అప్పుడు తీసుకున్నడు గొలుసు. ఏడ్వలే. చాయ్ తాగి పో అమ్మా అన్నడు.

నీ మీద మచ్చ పోయింది. ఇగ ఫికర్ లేదు. నన్ను తిడ్తవు, తిట్టు, పడ్త. గని రాత్రి బస్సుల వస్తుంటె నాకు ఎందుకో మంచిగనిపియ్యలే. ఆయన ఏడ్సి ఉంటే బాగుండు.

నీ అక్క,
సక్కుబాయి.

కొండాపూర్,
1 ఆగస్టు.

అక్కకు,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నేను రాసింది నీకు అందేసరికి నువ్వు వెళ్లి వచ్చేశావు. మొదట నీ మీద కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. నువ్వు నా కోసమే వెళ్లావు. నేను ఆయన కోసమే దాచాను. లక్ష్మి అన్న కోసమే పట్టుకుంది.

గోవిందప్ప శుక్రవారం వచ్చాడు. గడప తొక్కనన్న మాట నిలబెట్టుకుని వీధిలోనే నిలబడ్డాడు. మెడ బోసిగా ఉంది. గడ్డం పెరిగింది. "ఆ పటం చూపించు బావా" అన్నాడు.

ఆఫీసుకు తీసుకెళ్లాను. అక్కడ సామాన్లు సర్దుతున్నారు. ఇళ్లు కట్టి అమ్మేవాళ్లకు ఈ చుక్కలు నచ్చలేదట. పెట్టుబడి పెడతామన్నవాళ్లు తప్పుకున్నారు. నెలాఖరుకు మూసేస్తారు. ఒక కంప్యూటరు ఇంకా నడుస్తోంది. దినేశ్ పటం తెరిచి, మా వీధి దాకా తీసుకొచ్చి పక్కకు జరిగాడు.

గోవిందప్ప కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగాడు. 

"మిగతా సగం గొలుసు యాడుందో ఇందులో తెలుస్తుందా?"

తెలియదు అన్నాను.

"లాగినోడు యాడుండాడో?"

తెలియదు.

"మరి ఇదేమి పటం బావా?" అన్నాడు. వెటకారంగా కాదు. నిజంగానే అడిగాడు.

దినేశ్ ముందుకొచ్చాడు. "ఇప్పుడు అడిగేవాళ్లు ఎవరూ లేరు మామా. ఎక్కడికి మార్చమంటే అక్కడికి మారుస్తాను" అన్నాడు. బండలు ఉండిన చోటు వేలుతో చూపించాను. గోవిందప్ప నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆడ వద్దు. మా ఇంటి మీద పెట్టు."

ఏ ఇంటి మీద అన్నాను.

"ధర్మవరంలో. నడవలో నిలబెట్టి ఆ పిల్ల మెడలో ఏసినాను చూడు, ఆడ. పోయింది ఆ పొద్దే కదా. ఆడ పెట్టమను నీ మేనల్లుణ్ణి."

ధర్మవరం ఈ పటంలో లేదు బావా, అన్నాను. రాయదుర్గంతో అయిపోతుంది.

ఆయన తెర కింది అంచు మీద వేలు పెట్టాడు. అక్కడి నుంచి కిందికి, బల్ల మీదికి, గీసుకుంటూ పోయాడు. బల్ల అంచు దగ్గర చేతికి ఇంక ఏమీ తగల్లేదు. అక్కడ ఆపి, చెయ్యి గాలిలో అలాగే ఉంచాడు.

"ఇంత దూరం నుంచి" అన్నాడు.

సాయంత్రం బస్సు ఎక్కించాను. లక్ష్మి సంవత్సరీకం ఈ నెలలోనే. రమ్మని అడిగాను. కిటికీలోంచి నా వైపు చూశాడు. గిరీష్ వేరే ఊరికి బదిలీ పెట్టుకున్నాడని దినేశ్ చెప్పాడు. నాతో మాట్లాడడానికి వాడికి సిగ్గుగా ఉందట. చెప్పాల్సినవాళ్లకు వాడు చెప్పుకున్నాడట, మా మామ తప్పేమీ లేదని.

తిరిగి ఆఫీసుకు వెళితే దినేశ్ ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. "చుక్క ఎక్కడ పెట్టాలి మామా?" అన్నాడు.

ఉన్నచోటే ఉండనీ అన్నాను.

నువ్వు సంవత్సరీకానికి ముందురోజే రా. బావను జాగ్రత్తగా ఎక్కించుకుని రా. తొక్కు అయిపోయింది.

తమ్ముడు,
రామచంద్రం.